మెట్ల గోడకు తెల్లరంగు

"రెండు కోటింగులేశాం, ప్రైమర్ కాకుండా," అన్నాడు రత్నరాజు రెండోసారి.

మొదటిసారి అన్నప్పుడు గొంతులో గర్వం ఉంది. ఈసారి అది సగానికి సగం తగ్గింది. ఎదురుగా లూసీ ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడి ఉంది. అవతల చర్చి ఫాదర్ హుడాక్ ఎప్పుడో పెట్టేశారు.

పెనం మీద దోసె మాడుతోంది. పదో తరగతి చదువుతున్న కూతురు అబిగేల్ లేచి స్టవ్ ఆపింది. మాడిన దోసెను చెత్తబుట్టలో వేసి మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో ఆదివారం పొద్దున దోసె మాడినా ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదంటే సంగతి పెద్దదే అన్నమాట.

"ఏ గోడకి?" అంది లూసీ.

"చెప్పాను కదా. హాల్లోంచి పై చర్చిలోకి ఎక్కే మెట్ల పక్క గోడ. నల్లగా మసి పట్టి ఉంటది చూడు, అదే. హాలంతా అయ్యేసరికి ఇంకా రెండు డబ్బాలు మిగిలాయి. వినయ్ కుమార్ అన్నాడు, పాపం పైన ముసలోళ్ళేం వేయించుకుంటారు అన్నయ్యా, మనమే కొట్టేద్దాం అని. నువ్వు ఫిలడెల్ఫియా సైట్‌కి వెళ్ళావుగా. ఇవాళ చూసి నువ్వే ఆశ్చర్యపోతావని చెప్పలేదు."

లూసీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

భర్త చేసిన పని ఆమెకు అర్థం కాకపోలేదు. అర్థమైనందుకే ఎక్కువ కష్టంగా ఉంది. ఆమె పుట్టిన నరసాపురంలోనైనా, ఆయన పుట్టిన పాలకొల్లు పక్క ఊళ్ళోనైనా, డిసెంబరు వచ్చిందంటే చర్చికి సున్నం కొట్టాల్సిందే. పిల్లలకు కొత్త బట్టలు కుదరకపోయినా సర్దుకుంటారు గానీ, చర్చి గోడ మాసి ఉంటే క్రిస్మస్ వచ్చినట్టే ఉండదు. కుర్రాళ్ళు సున్నంలో కాస్త నీలిమందు కలుపుకుని, నిచ్చెనలు వేసుకుని, కనిపించిన గోడనల్లా తెల్లగా చేసి గానీ కిందికి దిగరు. అమెరికా వచ్చి పద్దెనిమిదేళ్ళయినా, కంప్యూటర్ ముందు కూర్చుని వీపు వంగిపోయినా, ఆ అలవాటు చేతుల్లోంచి పోలేదు.

కాకపోతే ఈ చర్చి వీళ్ళది కాదు.

వీళ్ళుండే పార్సిప్పనీకి ఇరవై నిమిషాల దూరంలో, సిల్కు మిల్లులు మూతపడ్డ చిన్న ఊళ్ళో, కార్పాతియన్ కొండల నుంచి కూలికి వచ్చినవాళ్ళు నూరేళ్ళ కిందట కట్టుకున్న ఆర్థడాక్సు చర్చి అది. పైన ఉల్లిగడ్డల్లాంటి మూడు గుమ్మటాలు. పై చర్చిలో ప్రార్థనకు వచ్చేది ఇప్పుడు గుప్పెడుమంది ముసలివాళ్ళు. కింద బేస్‌మెంట్ హాలును తెలుగు క్రైస్తవ సంఘం ఆరేళ్ళుగా అద్దెకు తీసుకుని మధ్యాహ్నాలు ఆరాధన చేసుకుంటోంది. పైన స్థలముంది గానీ మనుషులు లేరు. కింద పిల్లాజెల్లాతో హాలు ఇరుకైపోతోంది.

ఆ చర్చిని బాగుచేసే పని లూసీ చేతిలో ఉంది. పాత కట్టడాలను పునరుద్ధరించే ఆఫీసులో ఆమె ఆర్కిటెక్టు. ఏడాదిగా గుమ్మటాలకు కొత్త రాగిరేకు, కారే కప్పుకు మరమ్మతు, బొగ్గు కాలం నాటి బాయిలరు తీసేసి హీట్ పంపులు, వీల్‌చెయిర్ ఎక్కే ర్యాంపు, నూరేళ్ళ చెక్క వెనకాల కనిపించకుండా కొత్త వైర్లు. పాతది పాతదిలాగే ఉండాలి, కొత్తది పని చేయాలి గానీ ఉన్నట్టు తెలియకూడదు. కొత్త కోడలు అత్తింట్లో మెలగాల్సిన తీరు ఇదేనని ఆమె తనలో తాను నవ్వుకుంటూ ఉంటుంది. ఆఫీసులో చెబితే ఎవరికీ అర్థం కాదు.

"ఆ గోడ మీద బొమ్మ ఉందండీ," అంది లూసీ.

రత్నరాజు కాఫీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"మసి కింద. బొగ్గు బాయిలరు పొగంతా ఆ మెట్ల మీదుగానే పైకి పోయేది కదా, అలా నల్లబడిపోయింది. సెప్టెంబర్‌లో పాత పెయింటింగులు శుభ్రం చేసే ఆవిడని తీసుకొచ్చి, అరచేతి మేర తుడిపించి చూశాం. రంగులు చెక్కు చెదరలేదు. మరియమ్మ కొంగు పరిచి పట్టుకుని ఉంటది, కింద ఆ చర్చి కట్టిన మిల్లు కూలోళ్ళు, ఆడా మగా, ఒకళ్ళ పక్కన ఒకళ్ళు. ఫాదర్ దగ్గర పాత ఫోటో ఉంది."

"నువ్వు ఆ సంగతి మాలో ఒక్కళ్ళకైనా చెప్పావా?"

"లేదు."

"నాకు?"

"లేదు. ఫాదర్ ఎవరికీ చెప్పొద్దన్నారు. వాళ్ళ క్రిస్మస్ జనవరిలో కదా, అప్పుడు వాళ్ళోళ్ళకి చూపించి ఆశ్చర్యపరుద్దామని."

"ఆయన వద్దన్నారు సరే. మొగుడికి చెప్పడానికి కూడా ఫాదర్ పర్మిషన్ కావాలా? గోడ మీద బొమ్మ ఉంది, ముట్టుకోవద్దు అని ఒక్క మాటంటే నిన్న ఆ గోడ జోలికి వెళ్ళేవాణ్ణా? పాత ఇంటికి పెయింటేసినట్టు వేసేశాం. మాకేం కలొస్తదా?"

ఆయన అడిగింది న్యాయమే. ఫాదర్ వద్దనడం సగం కారణమే. మిగతా సగం ఆమెదే. మరియమ్మ బొమ్మ అంటే, బొమ్మల్ని ఒప్పుకోని తమ సంఘంలో ఎవరెవరు ఏమంటారో, అందులో తన ఇంటి మనిషి ఏమంటాడో ఆమెకు తెలుసు. బొమ్మ పూర్తిగా బయటపడి, అందరూ వచ్చి చూసి, పేపర్లో కూడా పడ్డాక చెబితే ఎవరూ ఏమీ చేయలేరని లెక్క వేసుకుంది.

"చెప్పు. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవాళ్ళు?"

"ఏం చేసేవాళ్ళం?"

"ఇదే చేసేవాళ్ళు," అంది లూసీ.

అన్నాక తన మాట తనకే వినబడింది. రత్నరాజు ఆమెను చూశాడు. చూసి, కారు తాళాలు తీసుకుని గరాజ్ వైపు వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన అరిస్తే భయపడ్డది లేదు గానీ, ఇలా వెళ్ళిపోతే మాత్రం ఆమెకు ఏమీ తోచదు.

"మమ్మీ, దట్ వాజ్ మీన్," అంది అబిగేల్ నెమ్మదిగా.

"తెలుసు. కోటు వేసుకో."

రూట్ 46 మీద ఆదివారం పొద్దున కార్లు పెద్దగా లేవు. రోడ్డు పక్కన నిన్నటి మంచు మట్టి రంగులోకి తిరిగి కుప్పలుగా ఉంది. డెన్విల్ ఊరు దాటారు.

"గోడ మీద ఒక కాగితం ఉండాలి," అంది చివరికి లూసీ. "తుడిచిన చోట, బ్లూ టేప్‌తో అంటించాను. ముట్టుకోవద్దని రాసి."

"కింద పడి ఉంది," అన్నాడు రత్నరాజు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఎలక్ట్రీషియన్లు పడేసిన చెత్తేమో అనుకున్నాను."

"చదవలేదా?"

"చదవలేదు."

ఇంకో రెండు సిగ్నళ్ళు దాటాయి.

"లూసీ, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఎలక్ట్రీషియన్లు శుక్రవారం దాకా అక్కడే పనిచేశారుగా. వాళ్ళకి ఇన్సూరెన్స్ ఉంటది. వాళ్ళు వేశారంటే వాళ్ళకేం నష్టం? మనోళ్ళ పేరు చెబితే హాలు పోయి నూటముప్పై కుటుంబాలు రోడ్డు మీదుంటాయి."

"వైర్లు లాగేవాళ్ళు గోడకి రెండు కోటింగులేసి పోయారంటే ఎవరు నమ్ముతారండీ?"

"నువ్వు రాస్తే నమ్ముతారు."

"అబిగేల్ వింటోంది."

"నేను వినట్లేదు," అంది వెనక సీట్లోంచి అబిగేల్.

చర్చి దగ్గర రెండు గుమ్మటాలు కొత్త రాగితో ఎర్రగా మెరుస్తున్నాయి. మూడోదాని చుట్టూ ఇంకా ఇనుప పరంజా ఉంది. పక్క తలుపులోంచి లోపలికి అడుగు పెట్టగానే పెయింట్ వాసన కొట్టింది. దాని వెనకాలే సాంబ్రాణి వాసన కూడా, పలచగా.

గోడ తెల్లగా ఉంది. పని తెలిసినవాళ్ళు వేసినట్టే వేశారు, ఎక్కడా ఒక చుక్క కారలేదు. మెట్ల అంచులకు టేపు వేసి, చెక్క రెయిలింగుకు ప్లాస్టిక్ చుట్టి, మూలలు చిన్న బ్రష్షుతో దిద్దారు. ఎవరైనా చూస్తే మెచ్చుకుంటారు.

నిజంగానే ఒకావిడ మెచ్చుకుంటోంది. మిస్ హెలెన్‌కు ఎనభై దాటాయి. తలకు పూల స్కార్ఫు కట్టుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది.

"ఎవరు చేశారో గానీ దేవుడు వాళ్ళను చల్లగా చూడాలి," అంది ఇంగ్లీషులో. "ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాను, ఈ గోడకి కాస్త రంగు వేయించండి, దెయ్యాల కొంపలా ఉందని. చివరికి ఎవరికో వినిపించింది."

రత్నరాజు తల వంచుకుని నిలబడ్డాడు. పై మెట్టు మీద నల్లటి అంగీలో ఫాదర్ హుడాక్ ఆవిడ చేయి అందుకుని లోపలికి పంపి, కిందికి దిగి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల గడ్డం, పెద్ద చేతులు.

"ఆవిడ తల్లి ఈ గోడ మీద ఉంది," అన్నారు. "ఎడమ నుంచి మూడో మనిషి. ఆవిడకు తెలియదు. ఆవిడ పుట్టేసరికే గోడ నల్లబడిపోయింది. క్రిస్మస్ రోజు తీసుకొచ్చి చూపిద్దామనుకున్నాను."

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదని లూసీకి అనిపించింది.

ఆమె వంగి, మెట్టు దగ్గర గోడ మూలలో పెయింటు అంచును గోటితో మెల్లిగా ఎత్తి చూసింది. చిన్న ముక్క పాలమీగడలా సాగి పైకి లేచింది. దాని వెనక మసి అంటుకుని ఉంది. ఇంకో ముక్క లాగే ధైర్యం లేక వదిలేసింది. అక్కడే మెట్టు మీద కూర్చుని, పెయింటింగులు శుభ్రం చేసే ఆవిడకు ఫోన్ చేసింది.

అవతల ఆవిడ చాలాసేపు విని, నాలుగైదు ప్రశ్నలు అడిగింది. మసి జిడ్డుగా ఉన్నచోట రంగు సరిగా పట్టి ఉండకపోవచ్చని, ఎండి గట్టిపడేలోపు వస్తే చాలావరకు తీయొచ్చని, తుడిచిన అరచేతి మేర మాత్రం మసి లేదు కాబట్టి అక్కడ ఏమీ చెప్పలేనని అంది. మంగళవారం వస్తానంది. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని, మెట్ల దగ్గర హీటింగ్ తగ్గించమని చెప్పింది.

"పూర్తిగా పోలేదు," అంది లూసీ ఫోన్ పెట్టేసి. ఆ మాట అంటున్నప్పుడు కళ్ళు నిండాయి, తుడుచుకుంది.

"దేవునికి స్తోత్రం," అన్నాడు రత్నరాజు తెలుగులో, పైకే. నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు.

ఫాదర్ హుడాక్ మాత్రం మెట్టు మీదే నిలబడ్డారు.

"ఇంకో సంగతి ఉంది లూసీ. బిషప్ ఆఫీసుకు పొద్దునే చెప్పాను, చెప్పక తప్పదు. మీ లీజు సంగతి నీకు తెలుసుగా. మా పై భాగంలో దేన్నైనా తెలిసి పాడుచేస్తే లీజు రద్దు. తెలియక జరిగితే పొరపాటు కింద లెక్క. వాళ్ళు అడిగేది ఒక్కటే, తెలిసి చేశారా, తెలియక చేశారా అని. మధ్యాహ్నంలోపు ఆర్కిటెక్టు రాసివ్వాలి. నువ్వు ఏం రాస్తే వాళ్ళకదే."

రాసిన మాట తప్పని తేలితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. లూసీకి వేరే చెప్పనక్కర్లేదు. లైసెన్సు ఆమెది, సంతకం ఆమెది.

ఫాదర్ రత్నరాజు వైపు తిరిగారు. "నిన్ను నేరుగా అడుగుతాను. అక్కడ పెయింటింగ్ ఉందని నీకు తెలుసా?"

"నో, ఫాదర్," అన్నాడు రత్నరాజు.

పైన ప్రార్థనకు ముందు పాటలు మొదలయ్యాయి. గొంతులు కొన్నే అయినా ఆ కప్పు కింద నిండుగా వినిపిస్తున్నాయి. ఫాదర్ తల ఊపి, అంగీ సర్దుకుని పైకి వెళ్ళిపోయారు.

లూసీ పార్కింగ్ లాట్లో, కార్లో కూర్చుని ఈమెయిల్ రాసింది. అబిగేల్ హాల్లో కుర్చీలు వేయడానికి పోయింది. రత్నరాజు పక్క సీట్లో కూర్చుని వైపర్ల కింద పేరుకున్న మంచును చూస్తున్నాడు.

జరిగింది జరిగినట్టే రాసింది. రంగు వేసింది తెలుగు సంఘంలోని మనుషులేనని, వాళ్ళలో తన భర్త ఉన్నాడని, బొమ్మ సంగతి తాను వాళ్ళకు చెప్పలేదని రాసింది. ఎలక్ట్రీషియన్ల ఊసే ఎత్తలేదు. చివరి వాక్యం దగ్గర ఆగింది. తెలియక చేశారు అని రాయాలి. రాయడానికి ఏం అడ్డం? ఆయన ఫాదర్ మొహం మీదే చెప్పాడు. ఇరవై ఏళ్ళలో ఆయన తనతో పెద్ద అబద్ధం ఆడింది లేదు. గ్రీన్‌కార్డు ఆగిపోయిన ఏడాది కూడా, ఉద్యోగం పోయిన రోజే సాయంత్రం ఇంటికొచ్చి చెప్పేశాడు.

రాసి, పంపేసింది.

"ఏమండీ," అంది.

"ఊఁ."

"పొద్దున అన్న మాట అనకుండా ఉండాల్సింది. మీరు తెలిసి కూడా ఆ పని చేస్తారని ఎలా అనుకున్నానో నాకే తెలియట్లేదు. సారీ అండి."

రత్నరాజు సీటు బెల్టు విప్పుకున్నాడు.

"పర్లేదులే," అన్నాడు.

ఆమె చేయి గేరు పక్కన ఉంది. మామూలుగా అయితే ఆయన దాని మీద చేయి వేసేవాడు. ఇవాళ తలుపు తీసుకుని దిగి, ముసలివాళ్ళు జారకుండా ర్యాంపు మీద ఉప్పు చల్లడానికి పోయాడు. చల్లిన చోటే మళ్ళీ చల్లుతూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి హాలు నిండింది. తలుపు దగ్గర బూట్లు, చెప్పులు, స్నో బూట్లు కుప్పగా పడ్డాయి. ఆడవాళ్ళు కోట్లు విప్పి కొంగులు, చున్నీలు తల మీదికి లాక్కుని కూర్చున్నారు. హాలు గోడలు కొత్త రంగుతో మెరిసిపోతున్నాయి. వెనకాల బల్ల మీద రేకు ట్రేల్లో బిర్యానీ, పక్కన, పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌కు పాడబోయే పిల్లలు ఏంజెల్ రెక్కల కోసం గిల్లుకుంటున్నారు.

పాస్టర్ జూడ్ అయ్యగారు ప్రార్థన చేసి, పాట అయ్యాక మైకు అందుకున్నారు.

"నిన్న మన సహోదరులు తెల్లారుజామున వచ్చి సాయంత్రం దాకా కష్టపడ్డారు. మన హాలే కాదు, పైవారి మెట్ల గోడకు కూడా రంగేసి ప్రేమ చూపించారు. రత్నరాజు గారు, వినయ్ కుమార్ గారు, మిగతా సహోదరులు ఒకసారి లేవండి. చప్పట్లతో వందనాలు తెలియజేద్దాం."

హాలంతా చప్పట్లు. వినయ్ కుమార్ నవ్వుతూ లేచాడు. రత్నరాజు సగం లేచి కూర్చున్నాడు. సంగతి అయ్యగారికి ఆరాధన అయ్యాక చెబుదామని లూసీ ముందే అనుకుంది. ఇప్పుడు ఆ చప్పట్లు అయిపోతే చాలనిపించింది.

అప్పుడే వెనక తలుపు తీసుకుని ఫాదర్ హుడాక్ లోపలికి వచ్చారు. చేతిలో వాల్‌నట్ రొట్టెల పెట్టె ఉంది, పైన ప్రార్థన తర్వాత కాఫీ దగ్గర మిగిలినవి. అబిగేల్ తన కుర్చీ ఇచ్చి పక్కన నిలబడింది. తెలుగు రాని అతిథులు వస్తే చెవి దగ్గర ఇంగ్లీషులో చెప్పే పని సంఘంలో ఆ పిల్లదే. ఫాదర్ ముందుకు వంగి, తన ముందు కుర్చీలో ఉన్న లూసీ భుజం తట్టారు.

"ఇప్పుడే బిషప్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. నీ మాట తీసుకున్నారు. పొరపాటే అన్నారు. హాలు మీదే, ఎక్కడికీ పోదు."

"థాంక్యూ, ఫాదర్," అంది లూసీ. ఆయన నవ్వి వెనక్కి ఆనుకున్నారు. మాట మగవాళ్ళ వరసదాకా వినిపించి ఉండాలి, రత్నరాజు ఇటు తిరిగి చూశాడు. లూసీ తల ఊపింది, అయిపోయింది, భయం లేదు అన్నట్టు. ఆయన మొహంలో ఆమె అనుకున్న వెలుగు రాలేదు.

"సాక్ష్యం చెప్పాల్సినవారు ఎవరైనా ఉంటే రావచ్చు," అన్నారు అయ్యగారు.

ప్రతి ఆదివారం ఉండేదే. పరీక్ష పాసైన పిల్లవాడో, వీసా స్టాంపింగు అయిన అల్లుడో, షుగరు తగ్గిన అత్తగారో లేచి నాలుగు మాటలు చెబుతారు. ఈసారి రత్నరాజు లేచాడు. ఆయన సాక్ష్యం చెప్పే మనిషి కాదు. లెక్కలు చూడటం, కుర్చీలు సర్దటం తప్ప మైకు పట్టుకుని ఎరగడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు," అన్నాడు.

"అయ్యగారు చప్పట్లు కొట్టించారు. అవి నాకొద్దండి. ఆ మెట్ల గోడ మీద మసి కింద వాళ్ళ పాత బొమ్మ ఉంది. మరియమ్మ, ఇంకా ఈ చర్చి కట్టినోళ్ళు. లూసీ కనిపెట్టింది, మనకి చెప్పలేదు. చెప్పకపోవడం దాని తప్పేనని పొద్దున దాన్ని నిలదీశాను."

లూసీ ఆయన్నే చూస్తోంది.

"నిన్న వినయ్ వాళ్ళు కింద రోలర్లు కడుగుతుంటే నేనొక్కణ్ణే పైకెళ్ళాను. గోడకి ఒక కాగితం అంటించి ఉంది. కింద పడి ఉందని ఇంట్లో చెప్పాను. పడి లేదు. చదివాను. చదివే పీకాను. వెనకాల ఇంత మేర తుడిచి ఉంది. ఒక కన్ను, ముసుగు అంచు కనిపించాయి."

పిల్లల రెక్కల గొడవ ఆగిపోయింది. వినయ్ కుమార్ నోరు తెరిచి చూస్తున్నాడు.

"మా తాత బాప్తిస్మం తీసుకున్న రోజు ఇంట్లో పటాలన్నీ గోదాట్లో కలిపేసొచ్చాడు. మా ఇంట్లో క్యాలెండర్ మీద కూడా బొమ్మ ఉండనిచ్చేవోళ్ళు కాదు. ఆ కన్ను చూడగానే నాకు భయమేసింది. ఇది బయటపడితే మనోళ్ళు సగం మంది మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు, సంఘం రెండు ముక్కలైపోద్ది అనుకున్నాను. కిందికొచ్చి వినయ్‌తో, పెయింట్ మిగిలింది కదరా, పైది కూడా కొట్టేద్దాం అన్నాను. వినయ్ అనలేదు, నేనే అన్నాను. మొదటి రోలర్ నేనే పెట్టాను, ఆ కంటి మీదే."

మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఈ మాట పైవాళ్ళకి తెలిస్తే మనకి హాలుండదు. లీజులో అలాగే ఉంది. నాకు తెలుసు. కానీ లూసీ నా మాట నమ్మి రాసిచ్చింది. సంతకం దానిది. నన్ను అనుమానించినందుకు నాకే సారీ చెప్పింది. అప్పట్నుంచీ మనసు మనసులో లేదండి నాకు."

ఆయన మైకు అయ్యగారికి ఇచ్చి, అక్కడే నిలబడిపోయాడు. ముందు వరసలో ఎవరో పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

లూసీకి భర్త మీద కోపం వస్తోంది, ఆయన అలా ఒంటరిగా నిలబడి ఉంటే గుండె తరుక్కుపోతోంది. రెండూ ఒక్కసారే వస్తున్నాయి. రాసి పంపిన వాక్యం అక్షరం అక్షరం గుర్తొస్తోంది.

ఫాదర్ హుడాక్ ఏడుస్తున్న ఆవిడను చూశారు, రత్నరాజును చూశారు. ఆయన మొహంలో దయ తప్ప మరేమీ లేదు. ఇంతసేపూ ఒక్క ముక్కా ఇంగ్లీషులో చెప్పకుండా పక్కన నిలబడ్డ అబిగేల్ వైపు తల వంచారు.

"మీ నాన్నగారు ఏమన్నారమ్మా? అందరూ ఇంతగా కదిలిపోయారు."

అబిగేల్ తల్లి వైపు చూసింది.

"మమ్మీ, ఫాదర్ అడుగుతున్నాడు," అంది తెలుగులో, గొంతు తగ్గించి. "నేను చెప్పాలా?"

ఆ పిల్ల ఎంత తగ్గించినా మాట వెనక వరసదాకా వినిపించింది. అయ్యగారూ, వినయ్ కుమారూ, కుర్చీల్లో ఉన్న ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒక్కొక్కరే లూసీ వైపు తిరిగారు.